చెమ్మ ఆనవాళ్లు లేవు

జూన్ 9

జ్వరం తగ్గి మూడు వారాలైంది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఇంకో పని చేసేవాడైతే ఈ మాట ఆఫీసులో అందరికీ చెప్పి, నాలుగు చిట్కాలు విని, నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. నేను చెప్పలేను. ఇల్లు కొనబోయేవాళ్ల తరఫున ఆ ఇంటికి వెళ్లి గోడలు, కప్పు, పైపులు, వైర్లు చూసి, కొనొచ్చో కూడదో రిపోర్టు రాసివ్వడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఇదే. చెమ్మ కొలిచే మీటరు అందరి దగ్గరా ఉంటుంది. నాకు పేరొచ్చింది మీటరు వల్ల కాదు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీలిస్తే ఏ గోడ వెనక నీళ్లు కారుతున్నాయో, ఏ బీరువా వెనక బూజు పట్టిందో చెప్పేస్తానని. కంపెనీ పెట్టిన పెద్ద సారు బతికున్నప్పుడు కొత్తవాళ్లకి నన్ను "మా ముక్కుగారు" అనే పరిచయం చేసేవారు. ఇప్పుడు కంపెనీ నడుపుతున్నది ఆయన కొడుకు, చిన్న సారు. నన్ను బాబాయ్ అంటాడు. "మీ ముక్కు మన కంపెనీకి బోర్డు లాంటిది బాబాయ్" అంటాడు.

ఈరోజు ఆ బోర్డు తగిలించుకుని ఒక ఇల్లంతా రెండు గంటలు తిరిగాను. ఏమీ రాలేదు. ఇల్లు బాగుందో, నేను బాగాలేనో తెలీలేదు. మీటరు చెప్పింది రాసి వచ్చేశాను.

జూన్ 11

ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లాను. జ్వరానికి నరం దెబ్బతిందట. నెలల్లో రావచ్చు, ఏడాది పట్టొచ్చు, కొందరికి అసలు రాదు అన్నాడు. అదేదో బస్సు గురించి చెప్తున్నట్టు.

"ఏం పని చేస్తారు?" అని అడిగాడు.

"రాతకోతల పని" అన్నాను.

ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడకి కంగారెక్కువ. వచ్చేస్తే ఇక చెప్పాల్సిన పనే ఉండదు.

జూన్ 15

కాఫీ వేడిగా ఉంది. అంతే.

జూన్ 27

ఆవిడ కింద పోర్షన్‌కి వెళ్తూ పాలు పొయ్యి మీద ఉన్నాయి చూడమంది. నేను పక్క గదిలో పేపరు చదువుతున్నాను. తిరిగొచ్చేసరికి గిన్నె మాడి నల్లగా అయింది, ఇల్లంతా పొగ.

"ఇంట్లోనే ఉన్నారుగా! వీధి చివరికి కొడుతోంది వాసన!"

"కునుకు పట్టింది" అన్నాను.

నమ్మేసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో నా మాట నమ్మకపోవడం ఆవిడకి అలవాటు లేదు.

జూన్ 30

కొత్తగా చేరిన అమ్మాయిని నా కింద ట్రైనింగ్‌కి వేశారు. ముప్ఫై దాటలేదు కానీ చురుకైనదే. ఇంతకుముందు సిమెంటు, ఇసుక పరీక్షించే చోట పనిచేసిందట. అందరూ ట్రైనీ అంటున్నారు, నాకూ అదే అలవాటైంది. మొదటిరోజే అడిగింది, "సార్, వాసన పట్టడం ఎలా నేర్చుకున్నారు?"

"గోడని నమ్మొద్దు. కొత్త రంగుని అసలే నమ్మొద్దు. నోరు మూసుకుని ముక్కు తెరువు" అన్నాను.

నోట్సు రాసుకుంది. సిగ్గేసింది. కానీ అబద్ధం చెప్పలేదుగా. ఆ మాట నిజమే. చెప్పినవాడే చెల్లడు.

జూలై 8

పడగ్గదిలో ఏదో వాసన వస్తోందని ఆవిడ అంది.

"ఎలాంటిది?"

"ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీసినట్టు. మంచం తలవైపు. చూడండి ఓసారి."

వెళ్లి నిలబడ్డాను. చూశాను. మంచం తలవైపు గోడకి రెండేళ్ల కిందట నేనే చెక్క ప్యానెల్ కొట్టించాను. బాగుంటుంది. గోడకి అవతల బాత్రూం. అంతకుముందు ఆ గోడ మీద రంగు ఉబ్బి పెచ్చులూడుతుండేది, మాటిమాటికీ వేయించలేక చెక్క వేయించాను. ఇంకొకరి ఇంట్లో అలా మూసేసి ఉంటే రిపోర్టులో ఎర్ర అక్షరాలతో రాసేవాణ్ణే. కానీ మన ఇల్లు మనకి తెలుసు కదా.

"ఏం లేదు. వానలకి బట్టలు సరిగ్గా ఆరడం లేదు, అదే" అన్నాను.

"అంతేనంటారా?" అంది. అని, బట్టలన్నీ మళ్లీ ఉతికింది.

మీటరు ఆఫీసులో ఉంది. రేపు తెచ్చి చూస్తాను.

జూలై 9

మీటరు తేవడం మర్చిపోయాను.

జూలై 22

ఒక దర్జీ కొనబోయే ఇంటికి ఇన్‌స్పెక్షన్. కింది అంతస్తు, రెండు గదులు, వంటిల్లు. ట్రైనీ సెలవు, ఒక్కణ్ణే వెళ్లాను. దర్జీ వెంట భార్య, ఎనిమిదేళ్ల కూతురు. ఆ పిల్ల అప్పుడే ఏ గది తనదో నిర్ణయించేసుకుంది. గోడలకి కొత్త రంగు. వంటింటి అల్మరాల్లో అమ్మేవాళ్ల సామాను కిక్కిరిసి ఉంది, తీయించలేదు. నాలుగుచోట్ల మీటరు పెట్టాను, నాలుగూ మామూలే. చెమ్మ ఆనవాళ్లు లేవు అని రాశాను.

అంతా మామూలే.

జూలై 30

మీటరు బ్యాగులోనే ఉందనుకున్నాను. లేదు. ట్రైనీ తీసుకెళ్లినట్టుంది.

ఆగస్టు 16

ఆవిడ వాసన మాట మళ్లీ ఎత్తలేదు. నేనే అడిగాను.

"ఇప్పుడు రావట్లేదండీ. మీరన్నట్టు బట్టలదే."

చూశావా. (ఎవరితో అంటున్నానో.)

రోజూ అదే గదిలో ఉండేవాళ్ల ముక్కుకి ఆ వాసన అలవాటైపోతుందని ప్రతి కస్టమరుకీ చెప్పేవాణ్ణి. 'మీకు తెలీదమ్మా, బయటినుంచి వచ్చినవాడికే తెలుస్తుంది' అని. అది వేరే సంగతి. మా ఇంట్లో బట్టలదే.

ఆగస్టు 29

ఆవిడకి పొడిదగ్గు. దుమ్ము వల్ల.

సెప్టెంబరు 12

ఆవిడ హాల్లో చాప వేసుకుని పడుకుంటోంది. అక్కడ చల్లగా ఉంటుందంది. హాల్లో గాలి బాగా ఆడుతుంది, నిజమే.

సెప్టెంబరు 20

దగ్గు తగ్గలేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఇంట్లో చెమ్మ గానీ, గోడలకి బూజు గానీ ఉందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ నవ్వింది. "అయ్యో డాక్టరుగారూ, ఈయన చేసే పనే అది. ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో బూజు కనిపెట్టేది ఈయనే. మా ఇంట్లో ఉంటే ఊరుకుంటారా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను.

ఏమని తలూపానో నాకే తెలీదు. 'ఊరుకోను' అనా? 'లేదు' అనా? డాక్టరమ్మ సిరప్పు రాసి, నెలలో తగ్గకపోతే ఎక్స్‌రే తీయిద్దాం అంది.

ఇంటికొచ్చేటప్పుడు మా ఆవిడ మెట్లెక్కలేక రెండుసార్లు ఆగింది. "వయసైపోతోంది" అంది. నలభై తొమ్మిది.

సెప్టెంబరు 22

మీటరు మర్చిపోయాను.

సెప్టెంబరు 24

ఈరోజు మర్చిపోలేదు. బ్యాగులో పెట్టుకున్నాను. బస్సు దిగాను. ఇంటి ముందుదాకా వచ్చి, టీకొట్టు దగ్గర కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని గంటసేపు ఉన్నాను. తర్వాత తిరిగి ఆఫీసుకి వెళ్లి దాని అరలో పెట్టేసి వచ్చాను. ఆలస్యమైందేమని అడిగితే పని ఎక్కువుంది అన్నాను.

మీటరు సూదులు రెండూ గోడకి గుచ్చితే ముల్లు కదులుతుంది, అంతే. ఆకుపచ్చలో ఉంటే సరే. ఎరుపులోకి పోతే జూలై ఎనిమిది నుంచి లెక్క చెప్పాలి.

అక్టోబరు 18

దర్జీ ఆఫీసుకొచ్చాడు. కేకలేయలేదు. కేకలేస్తే బాగుండేది.

వంటింటి అల్మరాలు ఖాళీ అయ్యాక చూస్తే వెనక గోడంతా నల్లగా బూజు కమ్మేసి ఉందట. వాళ్లు చేరిన నెలకి కూతురికి ఆయాసం మొదలైంది. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చారు. స్కూలు మానేసింది. ఫోన్లో ఫోటో చూపించాడు. గోడది కాదు, కూతురిది. ముక్కుకీ నోటికీ కలిపి మాస్కు, పక్కన మందు ఆవిరి పట్టే మిషను.

చిన్న సారు రిపోర్టు తిరగేసి, చివరి పేజీలో సన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. "కదల్చని సామాను వెనకభాగాలకి మా బాధ్యత ఉండదని ఇక్కడ రాసే ఉందండీ. మీరు సంతకం కూడా పెట్టారు."

దర్జీ ఆ కాగితం చూడలేదు. నా వైపు తిరిగాడు.

"సార్, నాకు చదువు తక్కువ. మీ మీటరులో ముల్లు ఎటు పోయిందో నాకు అర్థం కాదు. మీరు ఆరోజు వంటింట్లో గోడకి దగ్గరగా నిలబడి, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చారు. పీల్చి నా భుజం తట్టి, 'నిశ్చింతగా కొనుక్కోండి' అన్నారు. మీ గురించి ముందే విన్నాను. నేను ఇల్లు కొన్నది ఆ పీల్చడం చూసి సార్."

పీల్చాను. జూలై 22న ఆ సంగతి ఇక్కడ రాయలేదు. నాకు నేను రాసుకునే పుస్తకంలో కూడా రాయలేదు. నాటకాల్లో కత్తి యుద్ధం చేసినట్టు పీల్చాను. ఆ చిన్నపిల్ల కూడా నన్ను చూసి ముక్కు ఎగబీల్చి నవ్వింది.

దర్జీ వెళ్లాక చిన్న సారు అన్నాడు, "మీరేం పట్టించుకోకండి బాబాయ్. అందరికీ అప్పుడప్పుడూ జరిగేదే."

మూలన కూర్చున్న ట్రైనీ నన్నే చూస్తోంది.

అక్టోబరు 20

పనికి వెళ్లలేదు. తలనొప్పి అన్నాను. ఆవిడ దగ్గుతూనే నా తలకి మందు రాసింది.

నవంబరు 3

ఆవిడ ఐదు కిలోలు తగ్గింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒకటే జ్వరం, ఒకటే నీరసం. అక్కగారింటికి వెళ్లి నాలుగు రోజులుంటే దగ్గు సగం తగ్గింది. ఇంటికొచ్చిన మర్నాడే మళ్లీ మొదలు.

"అక్క చేతి వంట పడింది, నా వంట నాకే పడట్లేదు" అని నవ్వింది.

నేనూ నవ్వాను.

నవంబరు 9

ఆదివారం. ఈరోజు సంగతి వరుసగా రాస్తాను. రిపోర్టులా రాస్తే చివరిదాకా రాయగలనేమో.

పదకొండింటికి ట్రైనీ వచ్చింది, ఆవిణ్ణి చూసి వెళదామని. పళ్లు తెచ్చింది. చాప మీంచి లేవలేక మళ్లీ మంచం ఎక్కిన ఆవిడ పడగ్గదిలో పడుకుని ఉంది. ట్రైనీ చెప్పులు విడిచి, "ఎలా ఉన్నారక్కా" అంటూ ఆ గది గుమ్మం దాటి, అక్కడే నిలబడిపోయింది. మొహం మారింది. ఆ మొహం నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు అది నా మొహమే.

మెల్లగా వెనక్కి తిరిగి నన్ను చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"సార్, మీకు రావట్లేదా?"

"ఏంటి?"

"వాసన."

ఆ అమ్మాయి కళ్లల్లో ఒక్కొక్కటే లెక్క తేలడం కనిపించింది. ఆఫీసులో గ్యాస్ లీకైన రోజు అందరూ బయటికి పరిగెత్తితే నేను కుర్చీలోంచి లేవకపోవడం, ప్రతి ఇంట్లో 'ముందు నువ్వు చెప్పు, చూద్దాం' అని ఆ అమ్మాయితోనే చెప్పించడం, దర్జీ.

"ఎప్పట్నుంచి సార్?"

"జూన్."

ఈ మాట మా ఆవిడ వింది. తలుపు పక్కనే ఉంది మంచం.

ట్రైనీ లోపలికి వెళ్లింది. ఆవిణ్ణి లేపి, శాలువా కప్పి, మేడ మీదికి తీసుకెళ్లి ఎండలో కూర్చోబెట్టింది. తిరిగొచ్చి మొహానికి గుడ్డ కట్టుకుని, నాకొకటి ఇచ్చింది. మంచం లాగేశాం. నేను పలుగు తెచ్చాను. ప్యానెల్ మొదటి చెక్క ఊడదీయడానికి బలం పెట్టాల్సిన పని లేకపోయింది. నానిన బిస్కెట్టులా చేతిలోకి వచ్చేసింది.

వెనక గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట నల్లటి బూజు బొచ్చు. తడిసిన గొంగళిని నేల నుంచి నా భుజాల ఎత్తుదాకా అతికించినట్టు, మధ్యమధ్య ఆకుపచ్చ, ఒకచోట పసుపు. బాత్రూం పైపు అతుకు దగ్గర చుక్క చుక్క నీళ్లు. ఎన్నాళ్లుగానో. ఆవిడ తలగడ ఉండే చోటికి జానెడు దూరం. నేను చూసిన ఇళ్లన్నిటిలోకీ ఘోరమైంది మా ఇల్లే.

ట్రైనీ గుడ్డలోంచే దగ్గి, కిటికీ తెరిచి, "మీరు ఈ గదిలో రోజూ ఎలా..." అని ఆగిపోయింది.

మేడ ఎక్కాను. ఆవిడ పిట్టగోడకి ఆనుకుని కూర్చుంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"జూలైలో చెప్పాను మీకు."

"ఊఁ."

"వచ్చి నిలబడి, ఏం లేదన్నారు."

"ఊఁ."

"అప్పటికే మీకు వాసన తెలీదు."

"తెలీదు."

"మరి ఏం చూసి లేదన్నారు?"

ఆ ప్రశ్న ఇక్కడ ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను.

ఆవిడ చాలాసేపు దగ్గింది. నేను వీపు నిమరబోతే పక్కకి జరిగింది. కోపంగా కాదు, తోవలో ఎవరికో దారి ఇస్తున్నట్టు జరిగింది.

"నా ముక్కు నాకు సరిగ్గానే చెప్పింది. మీది గొప్పదని దాని నోరు నేనే నొక్కేశాను" అంది.

సాయంత్రం ఆవిడ అక్క, మా వదిన, వచ్చి తీసుకెళ్లింది. బట్టలు కూడా ఈ ఇంటివి వద్దని ట్రైనీ చెప్పింది. కట్టుబట్టలతో వెళ్లింది.

నవంబరు 13

ఆస్పత్రి. ఊపిరితిత్తుల డాక్టరు స్కాన్ దీపానికి పెట్టి చూపించాడు. గాజు మీద ఊపిరి వదిలినట్టు మసక. బూజు రేణువులు నెలల తరబడి పీల్చి పీల్చి లోపలంతా వాచిందట. అందరికీ ఇలా కాదు, కొందరి ఒంటికి పడదు. మందులు వాడి, ఆ ఇంటికి దూరంగా ఉంటే వాపు తగ్గుతుంది.

"ఇదిగో, ఇక్కడా ఇక్కడా మచ్చ కట్టింది. ఇది పోదు. రెండు మూడు నెలల ముందు వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నాడు.

వదిన నా మొహం వైపు చూసింది. మా ఆవిడ డాక్టరుకి చెప్పలేదు, వదినకీ చెప్పలేదు. "మాకు తెలీలేదండీ" అంది.

'మాకు' అంది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

నవంబరు 15

మాకు పిల్లల్లేరు. ఇల్లంతా నేనొక్కణ్ణే. గోడ ఆరబెట్టడానికి ఫ్యాను పెట్టాను. నాకేం దగ్గు రాలేదు. అదొకటి.

నవంబరు 17

జూన్ నుంచి నేను రిపోర్టులు ఇచ్చిన ఇళ్లు జాబితా రాశాను. ముప్ఫై ఎనిమిది. ట్రైనీ నాతో వచ్చినవి తీసేస్తే ఇరవై మూడు. తీసుకెళ్లి చిన్న సారు బల్ల మీద పెట్టాను. నాకు వాసన లేదని, ఇవి మళ్లీ చూడాలని చెప్పాను.

ముందు నవ్వాడు. తర్వాత లేచి తలుపు వేశాడు.

"బాబాయ్, మీరిప్పుడు బాధలో ఉన్నారు. పిన్నికి బాగాలేదు. రెండు నెలలు సెలవు తీసుకోండి. ఈ కాగితం చింపేయండి. ఇది బయటికి పోతే మీరొక్కరే కాదు, ఇక్కడ పనిచేసే పాతికమందీ రోడ్డున పడతారు."

"ఆ ఇళ్లల్లో మనుషులున్నారు."

"ఉంటే వాళ్లే వస్తారు. దర్జీ రాలేదా?"

ఈ మాటకి చెంప మీద కొట్టాలనిపించింది. ఎవరి చెంప మీద? దర్జీ వచ్చిన రోజు నోరు మూసుకుని కూర్చున్నది నేనేగా. ఉద్యోగం మానేస్తున్నానని అక్కడే రాసిచ్చాను. జాబితా తీసుకుని వచ్చేశాను.

గేటు దగ్గర ట్రైనీ ఎదురైంది. కాగితం చేతిలోంచి తీసుకుని చదివింది.

"ఆదివారాలు నాకు ఖాళీ. నేనొస్తాను. నిచ్చెన మీరు మొయ్యండి."

"నీ ఉద్యోగానికి..."

"మీ కోసం కాదు సార్" అంది. "గోడని నమ్మొద్దని మీరే నేర్పారు. నమ్మకూడనివాటిలో మిమ్మల్ని కూడా కలపాల్సింది."

నవంబరు 23

రెండు ఇళ్లు. బాగున్నాయి. రెండో ఇంట్లో టీ ఇచ్చారు. డబ్బు తీసుకోకుండా మళ్లీ చూడటానికి వచ్చారని మెచ్చుకున్నారు. టీ సగంలో వదిలేశాను.

డిసెంబరు 7

నాలుగు ఇళ్లు. ఒకావిడ మొహం మీదే తలుపేసింది. "అప్పుడు బాగుందన్నది మీరే, ఇప్పుడు బాగాలేదంటే అమ్ముకోవాలా?" అంది లోపలినుంచి. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది.

ఒకచోట కింద గదిలో ట్రైనీ ఆగింది. ఊయల వెనక గోడ. అదృష్టం, ఊయల ఇంకా ఖాళీ. కాన్పుకి ఇంకా నెల ఉందట.

డిసెంబరు 21

ఇరవై మూడింట్లో పద్దెనిమిది చూడనిచ్చారు. ఐదింట్లో బూజు. ఐదు అని తేలిగ్గా రాస్తున్నాను.

దర్జీ ఇల్లు చివరికి పెట్టుకున్నాను. పెట్టుకున్నానంటే వాయిదా వేశాను.

డిసెంబరు 28

దర్జీ ఇంటికి ట్రైనీని రమ్మనలేదు. అక్కడ వాసన చూడాల్సిందేం లేదు.

గుమ్మంలో కుట్టుమిషను. అతనే తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నిలబడే చెప్పాను. జ్వరం, జూన్, ఆ పీల్చడం అన్నీ. అదంతా ఒక కాగితం మీద రాసి, తారీఖులతో సహా, సంతకం పెట్టి తెచ్చాను. లాయరుకి ఇస్తే రిపోర్టులోని ఆ సన్న అక్షరాలకి జవాబు దొరుకుతుంది అని చెప్పాను.

ఒకసారి చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ.

"అంటే ఆరోజు మీకు ఏమీ తెలీలేదు."

"తెలీలేదు."

"తెలీదు అని ఒక్క మాట అంటే నేను ఇంకొకరిని పిలుచుకునేవాణ్ణి. మీ మీద నాకేం కోపం వచ్చేది కాదు సార్. జ్వరం ఎవరికైనా వస్తుంది."

లోపలినుంచి ఆవిరి మిషను గుసగుస వినిపించింది. పిల్ల దగ్గింది. అతను ఆ దగ్గు అయ్యేదాకా అటే తల తిప్పి ఉన్నాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఒక్క మాటకి ఎంత రాశారో చూశారా, రెండు పేజీలు. రాయడానికి ఐదు నెలలు పట్టింది మీకు."

తలుపు మెల్లగానే వేశాడు.

జనవరి 18

వదిన ఇంటికి వెళ్లాను. ఆవిడ మందులకి మొహం ఉబ్బింది కానీ దగ్గు చాలా తగ్గింది. మెట్లు ఇంకా ఆగకుండా ఎక్కలేకపోతోంది. ఇకపైన కూడా అంతేనట.

గోడ పగలగొట్టించి పైపు మార్పించానని, కొత్త సిమెంటు, అంతా పొడిగా ఉందని, సొంతంగా మీటరొకటి కొని మూడుసార్లు పెట్టానని చెప్పాను.

"మంచిది" అంది.

"ఎప్పుడొస్తావు?"

వదిన లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ కొంగు అంచు సర్దుకుంటూ అంది, "హాల్లో ఎందుకు పడుకునేదాన్నో తెలుసా? చల్లగా ఉంటుందని కాదు. నా దగ్గుకి మీకు నిద్ర చెడుతుందని. మీరు కనీసం అడుగుతారనుకున్నాను."

ఎప్పుడొస్తావన్నదానికి అది జవాబని బస్సెక్కాక అర్థమైంది.

ఫిబ్రవరి 2

దర్జీ కేసు వేశాడు. నన్ను సాక్షిగా పిలుస్తారట. చిన్న సారు ఫోన్ చేసి బాబాయ్ అనకుండా మాట్లాడాడు. ఆ పిలుపు పోయినందుకు హాయిగా ఉంది.

మార్చి 8

ఆవిడ అద్దెకి ఇల్లు చూసుకుంటోంది. వదిన చెప్పింది. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు.

రెండో అంతస్తు, చిన్న ఇల్లు. ఆగి ఆగి ఎక్కింది. ట్రైనీ ముందే వచ్చి ఉంది. ఆవిడే పిలిచిందట. ఇద్దరూ లోపలికి వెళ్లారు. నేను వరండాలో ఓనరమ్మ దగ్గర నిలబడ్డాను.

తలుపు తీసే ఉంది. ఆవిడ గది గదికీ వెళ్లి, గోడకి మొహం దగ్గరగా పెట్టి, తొందర లేకుండా గాలి పీల్చింది. బాత్రూం పక్క గోడ దగ్గర రెండుసార్లు. అల్మరా ఖాళీగానే ఉన్నా తల లోపలికి పెట్టి చూసింది. ట్రైనీ వెనకే నిలబడింది, తను ముందు మాట్లాడకుండా. ఆవిడ తిరిగి, "బాగుంది కదా?" అని అడగలేదు. "బాగుంది" అంది. అప్పుడు ట్రైనీ, "అవునక్కా, బాగుంది" అంది.

ఓనరమ్మ నన్ను చూపించి అడిగింది, "మీరిద్దరేనామ్మా ఉండేది?"

ఆవిడ బయటికొచ్చి చెప్పులు వేసుకుంటోంది. తలెత్తలేదు.

"ఒక్కదాన్నేనండీ."

మెట్లు దిగుతున్నప్పుడు బరువైన సంచీ నేను పట్టుకున్నాను. దానికి ఆవిడ ఒప్పుకుంది. వీధి చివర ఆటో ఎక్కిస్తే, "ఎండలో నడవకండి, మీరూ ఆటోలో వెళ్లండి" అంది. అదే గొంతు, ఇరవై ఆరేళ్లుగా విన్నదే. ఆటో వెళ్లిపోయింది.

మంచి ఇల్లు. తూర్పు కిటికీ పెద్దది, గోడలు పాతవైనా గట్టివి, ఎక్కడా ఉబ్బు లేదు. వరండాలోంచి కనిపించినంతవరకూ చూశాను. నన్నెవరూ అడగలేదు.